రంజాన్‌లో పెద్దవాళ్ళతో దుబాయ్, అబుదాబి, షార్జా వెళ్తుంటే: బట్టల కన్నా ముందు చూసుకోవాల్సినవి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: అమ్మానాన్నలు, భార్య, ఆరేళ్ళ బాబుతో కలిసి వారం రోజులకు ఎమిరేట్స్ వెళ్తున్నారు. హోటల్ షార్జాలో తీసుకున్నారు, తిరిగేది దుబాయ్‌లో, ఒక రోజు అబుదాబి. సగం రోజులు రంజాన్‌లో పడుతున్నాయి. మీ కంపెనీతో పనులున్న ఒక ఎమిరాతీ పెద్దమనిషి ఇఫ్తార్‌కి ఇంటికి పిలిచారు. అమ్మగారు శాకాహారి, నాన్నగారికి షుగర్. అమ్మగారి బొట్టు, మంగళసూత్రం, చీర వల్ల ఇబ్బంది ఉంటుందా, పచ్చళ్ళు తీసుకెళ్ళొచ్చా, పెద్ద మసీదులోకి మనల్ని రానిస్తారా అని అడిగారు.

సూటిగా చెప్తాను. బొట్టుకీ తాళికీ చీరకీ ఏ ఇబ్బందీ లేదు. పచ్చళ్ళు తీసుకెళ్ళొచ్చు. అబుదాబిలోని షేక్ జాయెద్ మసీదు అన్ని మతాలవాళ్ళకీ తెరిచే ఉంటుంది, టికెట్ కూడా లేదు. అసలు ఇబ్బంది వచ్చేది మీరు అడగనివాటితో: నాన్నగారి మందుల సంచి, అమ్మగారి మసాలా పొడుల్లో గసగసాలు, మీ చేతిలో ఫోన్ కెమెరా. పద్ధతి తెలియక ఎడమ చేత్తో కాఫీ అందుకుంటే అక్కడివాళ్ళు నవ్వి ఊరుకుంటారు. నిషిద్ధమైన మాత్ర సంచిలో దొరికితే మాత్రం 'మాకు తెలీదండీ' అన్నా వదలరు. అందుకే ముందు వీటి సంగతి, తర్వాత మర్యాదల సంగతి.

మందులు

బీపీ, షుగర్, థైరాయిడ్, గ్యాస్ మాత్రలకు భయం లేదు. స్ట్రిప్పులు కత్తిరించకుండా, అట్టపెట్టెలతో సహా, డాక్టర్ చీటీతో కలిపి హ్యాండ్ బ్యాగులో పెట్టండి. చీటీ మీద కంపెనీ పెట్టిన పేరొక్కటే కాకుండా మందు అసలు పేరు, మోతాదు ఇంగ్లీషులో స్పష్టంగా ఉండాలి. చేతిరాత చీటీ అయితే టైపు చేయించి సంతకం, ముద్ర వేయించుకోండి. పెద్దవాళ్ళకి ఏడు అరల ప్లాస్టిక్ డబ్బాలో మాత్రలు సర్దుకునే అలవాటు ఉంటుంది. ఆ సర్దుడేదో హోటల్ గదిలోకి వెళ్ళాక చేసుకోమనండి. పేరు లేని విడి మాత్రలు కస్టమ్స్ బల్ల మీద అనుమానాస్పదమైన మాత్రలే.

నిజంగా చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గు సిరప్పులు, ఆల్ప్రజోలామ్, క్లోనజిపామ్, డయాజిపామ్, ప్రీగాబలిన్: ఇవన్నీ అక్కడ నియంత్రణలో ఉన్న మందులు. మన దగ్గర నిద్ర పట్టడం లేదంటే ఒకటి, నడుం నొప్పి అంటే ఒకటి రాసేస్తారు కాబట్టి వీటిని మనం మామూలు మాత్రల లెక్కలో వేసుకుంటాం. అన్నిటికన్నా ఎక్కువగా చూపు తప్పేది ప్రీగాబలిన్. షుగర్ ఉన్నవాళ్ళకి అరికాళ్ళ మంటలకి, తిమ్మిర్లకి రాసే మాత్రలో ఇది తరచుగా మిథైల్‌కోబాలమిన్‌తో కలిసి ఉంటుంది. ఇంట్లో దాన్ని 'నరాల బలానికి విటమిన్ మాత్ర' అనుకుంటారు. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఏమేం కలిశాయో ఒక్కొక్కటీ చదవండి.

అలాంటిది ఉంటే దారులు రెండే. ఆ వారం రోజులకు వేరే మందు మార్చడం కుదురుతుందేమో డాక్టర్‌ని అడగడం ఒకటి. కుదరకపోతే యూఏఈ ప్రభుత్వపు ఆన్‌లైన్ సేవలో పాస్‌పోర్టు కాపీ, చీటీ, డాక్టర్ రిపోర్టు పెట్టి బయల్దేరకముందే అనుమతి తెచ్చుకోవడం రెండోది. రెండు మూడు వారాల ముందే దరఖాస్తు పెట్టండి. డాక్టర్‌ని అడక్కుండా నాన్నగారి మాత్ర మీరే ఆపేయకండి, కొన్నిటిని ఉన్నట్టుండి ఆపితే అదో ప్రమాదం.

గసగసాలు, తమలపాకులు, ఇతరుల పార్సెళ్ళు

నల్లమందు మొక్క గింజలే గసగసాలు. యూఏఈలో ఇవి నిషిద్ధ వస్తువు, వంటకే అని చెప్పినా కుదరదు. సీసాలో విడిగా ఉంటే మీరే తీసి పక్కన పెట్టేస్తారు, తంటా అంతా కలిసిపోయినవాటితోనే. ఇంట్లో దంచిన కోడికూర మసాలా, బిర్యానీ పొడి, కొబ్బరి మసాలా ముద్ద, వీటిలో వేశారో లేదో దంచినవాళ్ళనే అడగండి. అరిసెల మీద నువ్వులు అద్దితే పర్వాలేదు, కొన్ని ఇళ్ళలో గసగసాలు అద్దుతారు, అవి ఇంట్లోనే ఉంచండి. కొన్న ప్యాకెట్టయితే వెనక 'పాపీ సీడ్స్' అనో 'ఖస్‌ఖస్' అనో ఉందేమో చూడండి. అనుమానం ఉంటే మసాలా మానేయండి. దుబాయ్‌లో కరామాకో బర్ దుబాయ్‌కో వెళ్తే ఆంధ్రా మిరప్పొడితో సహా అన్నీ దొరుకుతాయి.

తమలపాకులు, పాన్ సరుకు కూడా దుబాయ్ కస్టమ్స్ నిషిద్ధ జాబితాలో ఉన్నాయి. పూజకని రెండు ఆకులు, తాంబూలానికని నాలుగు ఆకులు సంచిలో పడేసుకునే అలవాటు మనకి ఉంది కాబట్టి చెప్తున్నాను. గుట్కా, ఖైనీ జోలికీ పోవద్దు. ఆ జాబితాలో ఎర్ర కాంతి లేజర్ పెన్ను కూడా ఉంది. బాబు బొమ్మల సంచిలో తాళంచెవి గొలుసుకి తగిలించినది ఉంటే తీసేయండి.

పచ్చళ్ళు చెక్-ఇన్ లగేజీలోనే పెట్టండి. పైన తేలిన నూనె ఒక గరిటెడు తీసేసి, మూత కింద ప్లాస్టిక్ పొర బిగించి, రెండు జిప్ కవర్లలో పెట్టాలి. విమానం పైకెళ్ళేకొద్దీ చుట్టూ గాలి ఒత్తిడి తగ్గుతుంది, సీసాలో చిక్కుకున్న గాలి ఉబ్బి నూనెని మూత సందుల్లోంచి బయటికి నెడుతుంది. చీరల సంచీలు పాడయ్యేది ఇలాగే.

ఇంకోటి, కొంచెం గట్టిగా చెప్తాను. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్, రాజంపేట, ఎక్కడివారైనా సరే, గల్ఫ్ ప్రయాణం ఉందని తెలిస్తే చాలు, 'మా వాడికి ఈ కాస్త ఇవ్వండి' అని ఎవరో ఒకరు మూటతో వస్తారు. మొహమాటం పెట్టుకోకండి. మీ ముందు పూర్తిగా విప్పి చూపించని మూట, కుట్టేసిన సంచి, సీలు వేసిన మందుల ప్యాకెట్టు తీసుకెళ్ళొద్దు. అందులో ఏం దొరికినా జవాబు చెప్పాల్సింది ఎవరి పేరు మీద లగేజీ ట్యాగ్ ఉందో వాళ్ళే.

ఫోన్

మనం బజార్లో ఫోన్ ఎత్తి అందర్నీ కలిపి తీసేస్తాం. అక్కడ అనుమతి లేకుండా ఇంకొకరి ఫోటో తీసి పంచుకోవడం నేరం. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన సైబర్ నేరాల చట్టం ప్రకారం జైలు శిక్ష ఆరు నెలల నుంచి మొదలవుతుంది, జరిమానా లక్షన్నర దిర్హాముల నుంచి. రాసినంత తీవ్రంగా ప్రతిదానికీ పట్టుకుంటారని కాదు. ఫిర్యాదు వస్తే మాత్రం మీ వైపు వాదన ఉండదు. అబాయా (ఒళ్ళంతా కప్పే పొడుగు నల్ల అంగీ) వేసుకున్న ఆడవాళ్ళు, నమాజు చేస్తున్నవాళ్ళు, పిల్లలు మీ ఫ్రేములోకి రాకుండా చూసుకోండి. రోడ్డు ప్రమాదం జరిగితే ఫోన్ జేబులోనే ఉంచండి, ఆ బాధితుల ఫోటో తీయడం కూడా ఇదే చట్టం కిందికి వస్తుంది. ప్రభుత్వ భవనాలు, రాజప్రాసాదాలు, సైనిక స్థలాల వైపు కెమెరా తిప్పొద్దు. డ్రోన్ ఇంట్లో వదిలేయండి.

వాట్సాప్‌లో తిట్టినా కేసే. టాక్సీ అతను ఎక్కువ తీసుకున్నాడని బూతు మెసేజ్ పెట్టడం, హోటల్ మీద దూషణతో రివ్యూ రాయడం, ఊళ్ళో ఎవరికో ఆపరేషన్ అని అక్కడున్నప్పుడు చందాల పిలుపు షేర్ చేయడం, మూడూ ప్రమాదమే. చందాలకి అక్కడ ప్రత్యేకంగా అనుమతి ఉండాలి. మతాన్ని కించపరిచే పోస్టుల సంగతి చెప్పక్కర్లేదు. 2020లో అలాంటి పోస్టులు పెట్టి ఉద్యోగాలు పోగొట్టుకున్న భారతీయులున్నారు. ఫ్యామిలీ గ్రూపుల్లో పొద్దున్నే ఏదొస్తే అది ముందుకు తోసే పెద్దవాళ్ళుంటే, ఆ వారం రోజులూ తోయొద్దని చెప్పండి.

వాట్సాప్ కాల్స్ అక్కడ పని చేయవు, మెసేజీలు మాత్రం వెళ్తాయి. ఇంటికి మాట్లాడాలంటే అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటివి ముందే వేసుకోండి, ఇంట్లోవాళ్ళ చేత కూడా వేయించండి. అడ్డదారి కోసం వీపీఎన్ సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు, వినకండి.

బట్టలు, మసీదు

దుబాయ్ మాల్స్‌లో నియమం భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలని. చీర, చుడీదార్, జీన్స్ కుర్తా అన్నీ సరే. మగవాళ్ళకి మోకాలి దాకా షార్ట్స్ మాల్‌లో నడుస్తుంది, రంజాన్‌లో మాత్రం ప్యాంటే మంచిది. ఈత బట్టలు బీచ్, పూల్ వరకే. లుంగీ మీద హోటల్ లాబీలోకి దిగొద్దని నాన్నగారికి చెప్పండి. అది మతం గొడవ కాదు, మర్యాద సంగతి.

మసీదుకి లెక్క వేరు. ఆడవాళ్ళకి చీలమండల దాకా, మణికట్టు దాకా కప్పి ఉండాలి, తల మీద ముసుగు ఉండాలి, బట్ట ఒంటికి అతుక్కోకూడదు, పల్చగా ఉండకూడదు. మామూలు చీరతో చిక్కు నడుం దగ్గర, పొట్టి చేతుల జాకెట్టు దగ్గర. అమ్మగారికి ఆ ఒక్క రోజుకి పొడుగు చేతుల వదులు చుడీదార్ వేయండి. చున్నీ షిఫాన్‌దో పట్టుదో అయితే ప్రతి నాలుగు అడుగులకీ జారుతుంది, సర్దుకోవడంతోనే సరిపోతుంది. కాస్త గరుకుగా ఉండే నూలు చున్నీ, రెండు పిన్నులు, ఒకటి గడ్డం కింద, ఒకటి భుజం మీద. నాన్నగారికీ మీకూ పూర్తి ప్యాంటు, చేతులున్న చొక్కా చాలు.

ప్రవేశం ఉచితమే, కానీ మసీదు అధికారిక వెబ్‌సైట్‌లో ముందే పేర్లు, సమయం నమోదు చేసుకోవాలి. 'టికెట్లు' అమ్మే వేరే సైట్లు కనిపిస్తాయి, వాటికి డబ్బు కట్టక్కర్లేదు. లోపలికి దారి నేల కింద ఉన్న దుకాణాల సముదాయంలోంచి. అక్కడి నుంచి మసీదు దాకా నడక బాగానే ఉంటుంది. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులుంటే లోపల తిప్పే బ్యాటరీ బండి గురించి సిబ్బందిని అడగండి. శుక్రవారం మధ్యాహ్నం, రంజాన్ రోజుల్లో సందర్శన వేళలు మారతాయి, వెళ్ళే ముందు రోజు రాత్రి వెబ్‌సైట్‌లో ఇంకోసారి చూసుకోండి.

ఫోటోలు తీసుకోవచ్చు, పోజులతోనే పేచీ. భుజం మీద చెయ్యి వేసుకుని హత్తుకోవడం, నేల మీద పడుకోవడం, వేళ్ళతో గుర్తులు చూపించడం, ముసుగు తీసి జుట్టు ఎగరేయడం కుదరదు. 2013లో పాప్ గాయని రిహానాని కూడా ఫోటోల గొడవతోనే అక్కడి నుంచి వెళ్ళిపొమ్మన్నారు. అక్కడి గార్డు వచ్చి మెల్లగా చెప్తే 'సారీ' అని ఫోటో తీసేయండి, వాదించకండి. ప్రార్థన చేసుకుంటున్నవాళ్ళ ముందు నుంచి నడవకూడదు, వెనక నుంచి చుట్టి వెళ్ళాలి. ఇది ఎయిర్‌పోర్టులో, మాల్‌లో, రోడ్డు పక్కన చాప పరుచుకున్నవాళ్ళ విషయంలోనూ అంతే.

వినాలనీ అడగాలనీ ఉంటే దుబాయ్‌లోని జుమేరా మసీదు ఇంకా బాగుంటుంది. అక్కడ ముస్లిమేతరుల కోసమే శుక్రవారం తప్ప రోజూ మనిషి వెంట ఉండి వివరిస్తారు, నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వుజూ ఎలా చేస్తారో చూపిస్తారు, ఏ ప్రశ్న అడిగినా చిరాకుపడరు. చూడ్డానికి అబుదాబి, తెలుసుకోడానికి జుమేరా అని నా అభిప్రాయం.

రంజాన్ రోజులు

రంజాన్ మన క్యాలెండర్‌లో ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది, మొదలయ్యే రోజు నెలవంకని బట్టి ఒకరోజు అటూ ఇటూ అవుతుంది. టికెట్లు కొన్నాక కూడా ఆ ఒక్కరోజు తేడా ఉండొచ్చని మనసులో పెట్టుకోండి.

పగలు ఆకలితో మాడాల్సిన పని లేదు. దుబాయ్‌లో 2021 నుంచి హోటళ్ళు పగలు తెరలు కట్టాలన్న నిబంధన లేదు, చాలా రెస్టారెంట్లు మామూలుగా నడుస్తాయి. కూడనిది వీధిలో, పార్కులో, బస్ స్టాప్‌లో, టాక్సీలో తినడం, తాగడం, పొగ పీల్చడం, చూయింగ్ గమ్ నమలడం. మంచినీళ్ళ సీసా కూడా అంతే. ఎండలో నడుస్తూ గొంతెండితే ఏదో ఒక రెస్టారెంట్‌లోకో ఫుడ్ కోర్టులోకో వెళ్ళి తాగండి. ఆరేళ్ళ పిల్లాడు బిస్కెట్ తింటే ఎవరూ ఏమీ అనరు. షుగర్ ఉన్న నాన్నగారి సంగతీ అంతే: జేబులో గ్లూకోజు ఉంచండి, కళ్ళు తిరిగితే నడివీధిలోనైనా సరే నోట్లో వేసుకోమనండి. ఆరోగ్యం బాగోలేని ముస్లింలకే ఉపవాసం నుంచి మినహాయింపు ఉంది, మన పెద్దాయన్ని ఎవరేమంటారు.

ఊరి సందడంతా రాత్రి వైపుకి జరుగుతుంది. ఆఫీసులు రెండు గంటలు ముందే కట్టేస్తారు. సాయంత్రం ఉపవాసం విడవడానికి ముందు అరగంట రోడ్ల మీద అందరూ ఇళ్ళకి ఉరుకుతుంటారు. ఆ అరగంటలో టాక్సీ దొరకడం కష్టం, రోడ్డు దాటడం ఇంకా ప్రమాదం. డ్రైవర్లు కూడా ఉపవాసం విడవడానికి బండి ఆపుతారు, తొందరపెట్టకండి. మీరెక్కిన టాక్సీ అతను అజాన్ వినగానే ఒక్క ఖర్జూరం, గుక్కెడు నీళ్ళు తీసుకుంటానంటే సరే అనండి. మాల్స్, బజార్లు కిక్కిరిసేది రాత్రి తొమ్మిది తర్వాతే, అర్ధరాత్రి దాటాక కూడా నడుస్తాయి. మధ్యాహ్నం పెద్దవాళ్ళని పడుకోబెట్టి రాత్రి తిప్పండి.

ఇఫ్తార్‌కి వెళ్ళడం

ఆలస్యం చేయకండి. మన దగ్గర ఏడు గంటలకి భోజనానికి రమ్మంటే ఏడున్నరకి వెళ్ళడం పద్ధతి, ఇక్కడ సూర్యాస్తమయం ఎవరి కోసమూ ఆగదు. పది పదిహేను నిమిషాల ముందే చేరండి.

తీసుకెళ్ళడానికి మంచి ఖర్జూరాల డబ్బా, మనవైపు మిఠాయి అయితే ఆత్రేయపురం పూతరేకులో కాజు కత్లీనో. జెలటిన్ ఉన్న జెల్లీలు, మద్యం ఉన్న చాక్లెట్లు కూడదు. మనుషుల బొమ్మలు, దేవుడి బొమ్మలు వద్దు, కాబట్టి కొండపల్లి బొమ్మల కన్నా పోచంపల్లి దుప్పటి నయం.

గుమ్మంలో చెప్పులు విప్పి ఉన్నాయేమో చూసి మీరూ విప్పండి. మగవాళ్ళ మజ్లిస్ (అతిథుల్ని కూర్చోబెట్టే గది) వేరు, ఆడవాళ్ళది వేరు కావచ్చు. అమ్మగారిని, మీ భార్యని ఇంకో గదిలోకి తీసుకెళ్తే కంగారుపడక్కర్లేదు, ఆ గదిలోనే కబుర్లు ఎక్కువ. ఎదురైన ఇంటి ఆడవాళ్ళకి మీరు ముందు చెయ్యి చాచకండి. ఆవిడ చాస్తే కలపండి, లేకపోతే కుడి చెయ్యి గుండె మీద పెట్టి సలాం చెప్తే చాలు. అదే నియమం మీ భార్యకి ఆ ఇంటి మగవాళ్ళతో. ఆయన్ని 'మీ ఆవిడ బాగున్నారా' అని అడక్కండి, 'ఇంట్లో అందరూ బాగున్నారా' అంటే బాగుంటుంది. కూర్చున్నప్పుడు అరికాలు ఎదుటివారి వైపు ఉండకూడదు. కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం నాన్నగారికి కష్టమైతే కుర్చీ అడగండి, ఇస్తారు.

అజాన్ వినపడగానే ఖర్జూరం, నీళ్ళు లేదా లబన్ అనే మజ్జిగ. తర్వాత మగవాళ్ళు మగ్రిబ్ (సూర్యాస్తమయం) నమాజుకి లేస్తారు. మీరు అక్కడే కూర్చోండి, ప్రధాన భోజనం మీద చెయ్యి వేయకండి. పది నిమిషాల్లో వస్తారు. అప్పుడు అసలు వడ్డన.

మీ ఇంట్లో అమ్మగారు శాకాహారి అన్నారు కదా, ఆ సంగతి పిలిచిన రోజే చెప్పేయండి, అక్కడికెళ్ళాక కాదు. చూడ్డానికి గోధుమ జావలా ఉండే హరీస్‌లో మాంసం మెదిగిపోయి ఉంటుంది, మన హలీంకి దగ్గర చుట్టం. మచ్బూస్ మాంసం అన్నం. ఎర్ర కందిపప్పు సూప్ శాకాహారంలా కనిపిస్తుంది, కానీ మాంసం ఉడికించిన నీళ్ళతో చేసి ఉండొచ్చు. ఖర్జూరపు పాకం పోసిన లుకైమాత్ అయితే ధైర్యంగా తినొచ్చు, చిన్న బూరెల్లాంటివి. తినడం కుడి చేత్తోనే, అది మనకి అలవాటే. ఉమ్మడి పళ్ళెం పెడితే మీ ముందున్న భాగంలోంచే తినండి, అవతలి వైపుకి చెయ్యి చాచకండి. వేడి నెయ్యి అన్నంలో మాంసం ముక్క ఇంటాయన మీ వైపు తోస్తే అది గౌరవం.

కాఫీ గహ్వా, పాలూ చక్కెరా ఉండవు, యాలకుల వాసన వస్తుంది. చెవి లేని బుల్లి కప్పులో అడుగున కొంచెమే పోస్తారు. నిండా పోయలేదని పిసినారితనం అనుకోకండి, నిండా పోస్తేనే 'తాగి వెళ్ళు' అన్నట్టు. కుడి చేత్తో అందుకోవాలి. ఖాళీ కప్పు ఊరికే తిరిగి ఇస్తే మళ్ళీ పోస్తారు, మళ్ళీ ఇస్తే మళ్ళీ. చాలనుకుంటే కప్పుని మణికట్టుతో రెండు మూడు సార్లు అటూ ఇటూ ఊపి ఇవ్వండి. నోటితో వద్దనక్కర్లేదు. ఇంట్లో వస్తువు ఏదైనా నచ్చితే మరీ పొగడకండి, తీసుకెళ్ళమని ఇచ్చేస్తారు, అప్పుడు ఇద్దరికీ ఇబ్బంది. భోజనాల తర్వాత ధూపం పట్టుకొస్తే, అది ఇక బయల్దేరొచ్చన్న సంకేతం.

షార్జా గురించి ఒక మాట

గదులు చౌక అని మనవాళ్ళు షార్జాలో దిగుతారు. రెండు సంగతులు తెలుసుకుని దిగండి. అక్కడ మద్యం పూర్తిగా నిషేధం, హోటల్లో కూడా ఉండదు. దుబాయ్‌లో లైసెన్సున్న చోట 21 ఏళ్ళు నిండినవాళ్ళు తాగొచ్చు, కానీ తాగి ఆ రాత్రి షార్జా హోటల్‌కి తిరిగి రావడం, సంచిలో సీసా వేసుకుని రావడం రెండూ చేయకూడని పనులు. నాన్నగారికి సాయంత్రం ఆ అలవాటుంటే వారం రోజులు ఉపవాసం అనుకోమనండి. రెండోది, అక్కడ 2001 నుంచి బట్టల నిబంధనలు లిఖితంగా ఉన్నాయి. పొట్టి షార్ట్స్, చేతుల్లేని పొట్టి డ్రెస్సులు దుబాయ్‌లో చూసీచూడనట్టు పోతాయి, ఇక్కడ పోవు. రంజాన్ పగటి పూట తెరిచే హోటళ్ళు కూడా దుబాయ్ కన్నా తక్కువ, పెద్దవాళ్ళ మధ్యాహ్న భోజనం గదిలోకి తెప్పించుకునే ఏర్పాటు ముందే చూసుకోండి. ఇక షార్జా దుబాయ్ మధ్య సాయంత్రం ట్రాఫిక్, టాక్సీ అదనపు ఛార్జీ కలుపుకుంటే గది అద్దెలో మిగిలింది చాలావరకు పోతుంది. ఇంకా డబ్బు కట్టకపోయి ఉంటే దుబాయ్‌లోని దేరాలో మెట్రో స్టేషన్ పక్కన గది చూడండి.

చిన్నవే కానీ జరిమానా పడేవి

దుబాయ్ మెట్రోలో తినడం, తాగడం, గమ్ నమలడం నిషేధం, 100 దిర్హాములు. ఆడవాళ్ళూ పిల్లలకి కేటాయించిన పెట్టె ఒక చివర ఉంటుంది, నేల మీద గులాబీ గీత. అమ్మగారి పక్కన నిలబడదామని నాన్నగారు గీత దాటితే అక్కడా 100. ఇరుకులో గీత కనిపించదు, కాబట్టి ప్లాట్‌ఫామ్ మీదే గుర్తు చూసి వేరే తలుపు దగ్గర నిలబడండి. రోడ్డు ఎక్కడ పడితే అక్కడ దాటితే 400 దిర్హాములు. మన రోడ్ల అలవాటుతో చెయ్యి అడ్డంపెట్టి దాటే పెద్దవాళ్ళని పక్కనుంచి పట్టుకోండి, అక్కడ బండ్లు కుడి వైపున నడుస్తాయి, చూడాల్సిన వైపు మారిపోతుంది.

ప్లగ్గు మూడు చదరపు కాళ్ళది, మన ఛార్జర్లకి అడాప్టర్ ఉండాలి. పోలీసు నంబరు 999, అంబులెన్సు 998. పెద్దవాళ్ళ జేబులో హోటల్ కార్డు, మీ అక్కడి నంబరు రాసిన కాగితం పెట్టండి. భాషకి బెంగ లేదు, టాక్సీ అతను పెషావర్ వాడైనా మలయాళీ అయినా హైదరాబాదీ ఉర్దూ అర్థమవుతుంది.

అబుదాబి రోజు సోమవారం పెట్టుకోకండి. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన బాప్స్ హిందూ మందిర్ సోమవారం సెలవు, మీ అమ్మగారు అడిగేది తప్పకుండా అదే. అది అబూ మురైఖాలో, దుబాయ్ నుంచి అబుదాబి వెళ్ళే దారిలోనే. అక్కడా ముందు నమోదు అడుగుతారు, పెద్ద సంచీలు లోపలికి రానివ్వరు. ఉదయం మందిర్, మధ్యాహ్నం ఎక్కడైనా భోజనం, ఎండ తగ్గాక మసీదు అని వేసుకుంటే పెద్దవాళ్ళకి సరిపోతుంది. మందిర్‌కి చీరతోనే వెళ్ళి, మసీదుకి మార్చుకునే చుడీదార్, నూలు చున్నీ కారులో ఉంచుకోండి.